నికోటిన్ తగ్గిస్తే చుట్ట చేయి వదులుతుందా?

శ్రీకాకుళం జిల్లా పూండి నుంచి తూర్పుకు పోతే జీడి తోటలు, కొబ్బరి తోటలు, వాటి వెనక సముద్రం. ఉద్దానం తీరంలోని పల్లెల్లో పెద్దవయసు ఆడవాళ్లు చుట్ట కాల్చే తీరు ప్రపంచ వైద్య పత్రికలకు ఎక్కి చాలా ఏళ్లయింది. చుట్ట వెలిగించి, రెండు దమ్ములు లాగి నిప్పు బాగా అందుకున్నాక దాన్ని తిప్పి, మండే కొసను నోట్లో పెట్టుకుంటారు. పెదవులు మూసే ఉంటాయి. గాలి బయట ఉన్న చల్లని కొస నుంచి లోపలికి వస్తుంది, పొగ నోట్లోనే తిరుగుతుంది. లాలాజలం తగిలి చుట్ట నెమ్మదిగా కాలుతుంది కాబట్టి ఒక్కటే చాలాసేపు వస్తుంది. నిప్పు బయటికి కనిపించదు, సముద్రపు గాలికి ఆరిపోదు, చేతులు పనిలో ఉన్నా నోట్లో చుట్ట ఉండనే ఉంటుంది. శ్రీకాకుళం, విశాఖ జిల్లాల్లో దీన్ని అడ్డపొగ అంటారు.

మండే కొసకు దగ్గరలో నోటిలోని గాలి 120 డిగ్రీల సెల్సియస్ దాకా వేడెక్కుతుందని కొలిచినవాళ్లు ఉన్నారు. ఆ వేడి, ఆ పొగ రెండూ నేరుగా తగిలేది అంగిలికి. లోకంలో చాలాచోట్ల అరుదైన అంగిలి కాన్సర్ ఇక్కడ తరచూ కనిపించడానికి కారణం అదే. 1957లో డాక్టర్ గోవిందరెడ్డి, ఆయన సహచరుడు కోస్తాంధ్రలో అడ్డపొగకూ అంగిలి కాన్సర్‌కూ ఉన్న సంబంధాన్ని వైద్య పత్రికలో వివరంగా రాశారు. తర్వాత బొంబాయిలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్‌కు చెందిన దంతవైద్య పరిశోధన విభాగం నుంచి ఫలీ మెహతా, ప్రకాశ్ గుప్తా, డెన్మార్క్ నుంచి యెన్స్ పిండ్‌బోర్గ్ కలిసి శ్రీకాకుళం జిల్లా పల్లెలకు వచ్చారు. 10,169 మంది నోళ్లు పరీక్షించి 1971లో ఫలితాలు ప్రకటించారు. అందులో 43.8 శాతం మంది అడ్డపొగ తాగేవాళ్లే. ఒక అలవాటు ఒక ప్రాంతాన్ని ఎంతగా పట్టుకోగలదో ఆ ఒక్క అంకె చెబుతుంది.

ఇదంతా అరవై, డెబ్బై ఏళ్ల కిందటి సంగతిలా అనిపించవచ్చు. కానీ ఇప్పుడు అమెరికాలోనూ న్యూజీలాండ్‌లోనూ నడుస్తున్న ఒక పెద్ద చర్చను తెచ్చి ఈ తీరంలో నిలబెడితే చాలా విషయాలు తేటపడతాయి. పొగాకులోంచి నికోటిన్‌ను దాదాపు పూర్తిగా తీసేస్తే జనం పొగతాగడం తగ్గిస్తారా, ఆ బానిసత్వం నుంచి బయటపడతారా అన్నదే ఆ చర్చ. దీనికి సమాధానం చాలావరకు దొరికింది. అయితే ఆ సమాధానం ఫ్యాక్టరీలో తయారయ్యే సిగరెట్‌కు దొరికింది. పూండి, పలాస, టెక్కలి వైపు తాగే చుట్టకూ బీడీకీ అది ఎంతవరకు సరిపోతుందో విడిగా ఆలోచించాలి.

ముందు రెండు సంగతులు వేరు చేసుకోవాలి. మనిషిని పొగాకుకు కట్టిపడేసేది ఒకటి, మనిషిని చంపేది మరొకటి. కట్టిపడేసేది నికోటిన్. సిగరెట్ పొగతో ఊపిరితిత్తుల్లోకి వెళ్లిన నికోటిన్ పది ఇరవై సెకన్లలో మెదడుకు చేరుతుంది. అక్కడ డోపమైన్ విడుదలయ్యేలా చేస్తుంది. రక్తంలో దాని మోతాదు సుమారు రెండు గంటల్లో సగానికి పడిపోతుంది కాబట్టి, మళ్లీ కావాలన్న తహతహ మొదలవుతుంది. చంపేది మాత్రం ప్రధానంగా ఆకు కాలినప్పుడు పుట్టే తారు, కార్బన్ మోనాక్సైడ్, ఇంకా కాన్సర్ కలిగించే అనేక రసాయనాలు. జనం నికోటిన్ కోసం పొగతాగుతారు, చావు మాత్రం తారు వల్ల వస్తుంది అని లండన్ మనోవైద్యుడు మైకేల్ రస్సెల్ 1976లోనే రాశాడు. అడ్డపొగలో తారుకు నిప్పు వేడి కూడా తోడవుతుంది. రస్సెల్ చెప్పిన వేర్పాటును ఉద్దానం తీరమంత స్పష్టంగా చూపే చోటు మరొకటి దొరకడం కష్టం. అంగిలిని కాల్చేది నిప్పు, మర్నాడు పొద్దున మళ్లీ చుట్ట వెలిగించమనేది నికోటిన్.

అయితే నికోటిన్ తగ్గించడం అన్న ఆలోచనకు ఒక చెడ్డ గతం ఉంది. అది ‘లైట్’ సిగరెట్ల కథ. ఫిల్టర్ చుట్టూ కంటికి కనిపించనంత సన్నని రంధ్రాలు పెట్టారు. పరీక్ష యంత్రం దమ్ము లాగినప్పుడు ఆ రంధ్రాల గుండా బయటి గాలి కలిసి, తారు, నికోటిన్ అంకెలు తక్కువగా వచ్చేవి. కానీ మనిషి యంత్రం కాదు. కావలసినంత నికోటిన్ అందకపోతే దమ్ము గట్టిగా లాగుతాడు, ఇంకాసేపు లోపల పట్టి ఉంచుతాడు, వేళ్లతో పెదవులతో ఆ రంధ్రాలను మూసేస్తాడు, లేదా మరో సిగరెట్ వెలిగిస్తాడు. సిగరెట్‌లోని పొగాకులో నికోటిన్ ఎప్పటిలాగే ఉంది కాబట్టి, దాన్ని రాబట్టుకునే దారి తాగేవాడికి ఎప్పుడూ తెరిచే ఉంది. ‘లైట్’, ‘లో టార్’ అన్న మాటలతో జనాన్ని మోసం చేశారని అమెరికా ఫెడరల్ న్యాయమూర్తి గ్లాడిస్ కెస్లర్ 2006లో సిగరెట్ కంపెనీల మీద తీర్పు చెప్పింది. ఇప్పటికీ తక్కువ నికోటిన్ అన్న మాట వినగానే వైద్యులకు మొదట వచ్చే అనుమానం, జనం ఎక్కువ లాగి ఆ లోటు పూడ్చుకుంటారేమోనన్నదే. ఆ అనుమానం సబబైనదే.

1994లో నీల్ బెనోవిట్జ్, జాక్ హెన్నింగ్‌ఫీల్డ్ వేరే దారి సూచించారు. ఫిల్టర్‌ను ముట్టుకోకుండా, ఆకులోనే నికోటిన్‌ను బానిసత్వం పుట్టించలేనంత తక్కువకు దించేయాలన్నారు. ఆకులోనే లేనప్పుడు ఎంత లాగినా రాదు. ఈ వాదానికి ఊతం రావడానికి ఇరవై ఏళ్లు పట్టింది. 2015లో ఎరిక్ డానీ బృందం న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ప్రచురించిన ప్రయోగం దానికి ఆయువుపట్టు. అమెరికాలో పది కేంద్రాల్లో 840 మంది పొగతాగేవాళ్లను తీసుకున్నారు. వాళ్లెవరూ మానాలనుకుంటున్న వాళ్లు కాదు. వేర్వేరు నికోటిన్ మోతాదులున్న సిగరెట్లు ఆరు వారాలపాటు ఉచితంగా ఇచ్చారు. మామూలు సిగరెట్‌లాంటిదానిలో గ్రాము పొగాకుకు 15.8 మిల్లీగ్రాముల నికోటిన్ ఉంది. అన్నిటికంటే తక్కువ ఉన్నదానిలో గ్రాముకు 0.4 మిల్లీగ్రాములే.

ఆరో వారానికి 15.8 వాళ్లు రోజుకు సగటున 21.3 సిగరెట్లు తాగుతుంటే, 0.4 వాళ్లు 14.9 సిగరెట్ల దగ్గర ఆగారు. తక్కువ నికోటిన్ ఇచ్చారు కదా అని ఎక్కువ తాగలేదు, తక్కువ తాగారు. బానిసత్వాన్ని కొలిచే ప్రశ్నావళుల్లోనూ వాళ్ల మార్కులు తగ్గాయి. ప్రయోగం ముగిశాక నెల రోజుల్లో మానడానికి ప్రయత్నించామన్నవాళ్లు 15.8 గుంపులో 17 శాతం, 0.4 గుంపులో 34.7 శాతం. మానాలన్న ఆలోచనే లేనివాళ్లలో ఇది చిన్న మార్పు కాదు.

ఆ ప్రయోగంలోని మధ్య మోతాదు సంగతి మాత్రం ఎక్కువమంది పట్టించుకోరు. గ్రాముకు 5.2 మిల్లీగ్రాములున్న సిగరెట్ తాగినవాళ్ల లెక్క మామూలు సిగరెట్ వాళ్ల లెక్కకు దాదాపు సమానంగానే ఉండిపోయింది. నికోటిన్ మూడో వంతుకు పడిపోయినా అలవాటు కదలలేదు. 2.4కు దిగిన తర్వాతే ఫలితం కనిపించింది. నెమ్మదిగా తగ్గిస్తే జనం సర్దుకుంటారు అన్న మన మామూలు తర్కం ఇక్కడ పనిచేయదు.

2018లో డొరొతీ హాట్సుకామి బృందం దీన్నే ఇంకొంత లోతుగా చూసింది. 1,250 మందికి ఇరవై వారాల ప్రయోగం. ఒక గుంపుకు మొదటి రోజు నుంచే 0.4 సిగరెట్లు, మరో గుంపుకు నెలనెలా కొంచెం కొంచెంగా తగ్గించిన సిగరెట్లు, మూడో గుంపుకు మామూలువి. ఒక్కసారిగా తగ్గించిన గుంపులోనే ఒంట్లో కార్బన్ మోనాక్సైడ్ లాంటి విష పదార్థాల జాడలు ఎక్కువ తగ్గాయి. అయితే చికాకు, తహతహ భరించలేక మధ్యలో వదిలేసినవాళ్లు కూడా ఆ గుంపులోనే ఎక్కువ. మరో చిక్కు ఏమిటంటే, ఈ ప్రయోగాల్లో పాల్గొన్న చాలామంది ఇచ్చిన సిగరెట్లతోపాటు బయట కొన్న మామూలు సిగరెట్లు కూడా గుట్టుగా తాగారు. మూత్రంలో నికోటిన్ జాడలు దాన్ని బయటపెట్టాయి. దాన్ని పట్టుకుని ప్రయోగాలన్నీ దండగ అనేవాళ్లు ఉన్నారు. అది తొందరపాటు. ఎదురుగా అంగట్లో మామూలు సిగరెట్ దొరుకుతుంటే తక్కువ నికోటిన్ సిగరెట్‌తో సరిపెట్టుకోవడం కష్టమని అవి రుజువు చేశాయి. ఈ మందు పనిచేయాలంటే అంగట్లో ఉన్న సరుకంతా ఒకేసారి మారాలన్నది వాటి అర్థం.

ఆ పని చేయడానికి మొదట చట్టం చేసింది న్యూజీలాండ్. 2022 డిసెంబర్‌లో ఆమోదించిన చట్టం ప్రకారం 2025 ఏప్రిల్ నుంచి గ్రాము పొగాకులో 0.8 మిల్లీగ్రాములకు మించి నికోటిన్ ఉండకూడదు. ప్రభుత్వం మారింది, 2024 ఫిబ్రవరిలో ఆ చట్టాన్నే రద్దు చేశారు. ఆ పరిమితి ఒక్క రోజు కూడా అమలు కాలేదు. అమెరికాలో 2009 చట్టం ఆహార, ఔషధ సంస్థకు నికోటిన్ తగ్గించే అధికారం ఇచ్చింది, సున్నా చేసే అధికారం మాత్రం ఇవ్వలేదు. 2017లో ఆ సంస్థ అధిపతి స్కాట్ గాట్‌లీబ్ ఈ దారిని ప్రకటిస్తే, ముసాయిదా నియమం వచ్చేసరికి 2025 జనవరి అయింది. అందులో పరిమితి గ్రాముకు 0.7 మిల్లీగ్రాములు. ఆ ముసాయిదాలో సిగరెట్లే కాక, చేత్తో చుట్టుకునే పొగాకు, చాలా రకాల చుట్టలు, పైపు పొగాకు కూడా ఉన్నాయి. సిగరెట్ తాగేవాళ్లు చుట్టకు మారతారన్న భయంతోనే వాటిని చేర్చారు. మన దగ్గర ఈ చర్చ ఎప్పుడైనా వస్తే మొదట గుర్తుపెట్టుకోవలసిన భాగం ఇదే.

తెలుగు రైతుకు ఇందులో తెలియనిది చాలా తక్కువ. నికోటిన్ పొగాకు మొక్క వేళ్లలో పుట్టి ఆకుల్లోకి ఎక్కుతుంది. పురుగుల నుంచి తనను తాను కాపాడుకోవడానికి మొక్క చేసుకున్న ఏర్పాటు అది. పూమొగ్గ రాగానే తలలు తుంచి, తర్వాత వచ్చే పిలకలు తీసేస్తే వేరు బలపడి ఆకులో నికోటిన్ పెరుగుతుంది. తలలు తుంచని చేలో ఆకు చప్పగా ఉంటుందని ప్రకాశం జిల్లాలో ఏ పొగాకు రైతును అడిగినా చెబుతాడు. రాజమండ్రిలో 1947లో ఏర్పడిన కేంద్ర పొగాకు పరిశోధన సంస్థ, గుంటూరులో 1976లో ఏర్పడిన పొగాకు బోర్డు చుట్టూ తిరిగే వర్జీనియా పొగాకు సేద్యానికి నికోటిన్ శాతం అంటే ధర. కొనే దేశాలు 0.7కు దిగితే వేలం కేంద్రాల్లో బేళ్ల విలువ కట్టే లెక్కలన్నీ మారిపోతాయి. అలాంటి తక్కువ నికోటిన్ ఆకును అమెరికాలో ఇప్పటికే జన్యుమార్పిడితో పండించారు. దానితో చేసిన సిగరెట్‌ను అక్కడి ఆహార, ఔషధ సంస్థ 2019 డిసెంబర్‌లో అనుమతించింది కూడా. ఈ మార్పు ఎప్పుడు వచ్చినా దాని బరువు రైతు ఒక్కడి నెత్తిన పడకుండా చూసే ఏర్పాటు ముందే జరగాలి.

ఇప్పుడు చుట్ట దగ్గరికి రావాలి. సిగరెట్‌లో వాడే వర్జీనియా ఆకును బ్యారన్‌లో వేడి గాలికి ఆరబెడతారు, దాని పొగ కొంచెం ఆమ్లంగా ఉంటుంది. ఆమ్ల పొగలోని నికోటిన్ నోటి చర్మం గుండా సరిగా ఇంకదు, అందుకే ఊపిరితిత్తుల్లోకి లాగాలి. చుట్టకు వాడే నాటు పొగాకును గాలికీ ఎండకూ ఆరబెడతారు. దాని పొగ క్షారం వైపు ఉంటుంది, నికోటిన్ నోటిలోనే చప్పరించినట్టు ఇంకిపోతుంది. అడ్డపొగ తాగే ఆవిడ పొగను గుండెల్లోకి లాగకపోయినా, నోట్లో తిప్పుకుంటే చాలు, కావలసిన నికోటిన్ అందుతుంది. సిగరెట్ కోసం చేసిన ప్రయోగాలు దమ్ములు, ఊపిరి, ఊపిరిలోని కార్బన్ మోనాక్సైడ్ లెక్కగట్టాయి. నోటి గుండా ఇంకే నికోటిన్‌ను తగ్గిస్తే ఏమవుతుందో అవి నేరుగా కొలవలేదు. పైగా చుట్ట చాలా ఇళ్లలో సంతలో కొన్న ఆకుతో చేత్తో చుట్టుకునేది. దానికి పెట్టె లేదు, బ్రాండ్ లేదు, ఏ ఫ్యాక్టరీ గేటు దగ్గరా పరీక్షించే వీలు లేదు. ఆకు చప్పగా ఉందనిపిస్తే ఇంకొంచెం ఘాటైన ఆకు కోసం వెతకడం చాలా తేలిక.

బీడీ సంగతీ ఇలాంటిదే. 2016-17లో దేశమంతటా జరిగిన పొగాకు సర్వే ప్రకారం భారతదేశంలో పెద్దవాళ్లలో 28.6 శాతం మంది ఏదో ఒక రూపంలో పొగాకు వాడుతున్నారు. వీళ్లలో నమిలేవాళ్లే ఎక్కువ, మొత్తం పెద్దవాళ్లలో 21.4 శాతం. బీడీ తాగేవాళ్లు 7.7 శాతం, సిగరెట్ తాగేవాళ్లు 4 శాతం. బీడీలోని పొగాకు గ్రాముకు నికోటిన్‌లో సిగరెట్‌ను మించుతుందని 2001లో అమెరికా పరిశోధకులు తేల్చారు: బీడీలో 21.2 మిల్లీగ్రాములు, ఫిల్టర్ సిగరెట్‌లో 16.3. బీడీలో పొగాకు తక్కువే అయినా, తునికాకులో చుట్టిన బీడీ త్వరగా ఆరిపోతుంది కాబట్టి వెంటవెంటనే దమ్ము లాగాలి. సిగరెట్‌కు మాత్రమే నికోటిన్ పరిమితి పెడితే ఈ దేశంలో పొగతాగేవాళ్లలో ఎక్కువమందికి దానితో సంబంధమే ఉండదు. కాశీబుగ్గ జీడిపప్పు బట్టీల్లో పనిచేసే మనిషి సిగరెట్ చప్పబడగానే బీడీకి మారడానికి కష్టపడడు, అది చవక కూడా.

చట్టం మాత్రం ఇప్పటికే ఉంది. 2003 సిగరెట్లు, ఇతర పొగాకు ఉత్పత్తుల చట్టంలో ఏడో సెక్షన్ ప్రతి పెట్టె మీదా నికోటిన్, తారు ఎంతున్నాయో, వాటికి గరిష్ఠ పరిమితి ఎంతో ముద్రించాలంటుంది. ‘ఇతర పొగాకు ఉత్పత్తులు’ అన్న మాట ఆ సెక్షన్‌లోనే ఉంది, అంటే బీడీకీ చుట్టకూ కూడా వర్తిస్తుంది. పరీక్షలు చేయడానికి 2019లో నోయిడా, ముంబయి, గౌహతిల్లో జాతీయ పొగాకు పరీక్షా కేంద్రాలు తెరిచారు. అదే ఏడాది ఈ-సిగరెట్లను దేశమంతటా నిషేధించారు. పరిమితిని నిర్ణయించడానికి కావలసిన అధికారం, ప్రయోగశాలలు రెండూ చేతిలో ఉన్నాయి. పెట్టె మీద 85 శాతం హెచ్చరిక బొమ్మలు వేయించగలిగిన దేశం, పెట్టె లోపల ఏముందో కూడా నిర్ణయించగలదు. అయితే ఆ పరిమితిని 5.2 దగ్గర ఆపి సంతృప్తి పడితే లాభం లేదని డానీ ప్రయోగం ఇదివరకే చెప్పింది.

పరిమితి ఒక్కదానితో ఉద్దానం అలవాటు మారదని చెప్పడానికి ఈ జిల్లా చరిత్రే సాక్ష్యం, మారగలదని చెప్పడానికీ అదే. పిండ్‌బోర్గ్, మెహతా, గుప్తాలు 1977లో శ్రీకాకుళం, కేరళలోని ఎర్నాకుళం, గుజరాత్‌లోని భావనగర్ జిల్లాల్లో 36 వేల మంది పొగాకు వాడేవాళ్లతో పెద్ద ప్రయత్నం మొదలుపెట్టారు. ఏటేటా ఇంటికి వెళ్లి నోరు పరీక్షించి, ఎదుట కూర్చుని మానమని చెప్పడం, దానికి తోడు పోస్టర్లు, సినిమాలు. మానినవాళ్లలోనూ బాగా తగ్గించినవాళ్లలోనూ నోటిలో కాన్సర్‌కు ముందు వచ్చే తెల్ల మచ్చలు తగ్గాయి. ఆ పని నికోటిన్ తగ్గించకుండానే జరిగింది. ఆ పోరాటం అంత కష్టమైనది కూడా అందుకే: ప్రతి మనిషీ తన మెదడులోని తహతహతో ఒంటరిగా తలపడాల్సి వచ్చింది. ఆకులో నికోటిన్ తగ్గితే ఆ పోరు సులువవుతుందని ఇప్పుడు తెలుసు.

మానాలనుకునేవాళ్లకు ఈ మధ్యలో అందవలసిన సాయం కూడా ఉంది. నికోటిన్ చూయింగ్ గమ్, పట్టీలు పొగ లేకుండా నికోటిన్‌ను కొద్దికొద్దిగా ఇచ్చి తహతహను తట్టుకోనిస్తాయి. 2022లో వీటిని జాతీయ అత్యవసర మందుల జాబితాలో చేర్చారు. 1800-11-2356 నంబర్‌కు ఉచితంగా ఫోన్ చేస్తే మానడానికి సలహా ఇస్తారు. కిడ్నీ వ్యాధి చాలా ఎక్కువగా ఉన్న ఉద్దానంలో ఈ సాయానికి మరో విలువ ఉంది. ఇక్కడి కిడ్నీ వ్యాధికి మూల కారణం ఏమిటన్నది ఇంకా తేలలేదు. కానీ దెబ్బతిన్న కిడ్నీని పొగాకు ఇంకా త్వరగా దెబ్బతీస్తుందని వైద్యశాస్త్రానికి బాగా తెలుసు. పలాసలో 2023 డిసెంబర్‌లో ప్రారంభమైన 200 పడకల కిడ్నీ పరిశోధన ఆసుపత్రికి వచ్చే ప్రతి మనిషినీ పొగాకు గురించి అడిగి, ఆ రోజే అక్కడే మానే మందు చేతికివ్వగలిగితే, 1977లో ఇల్లిల్లూ తిరిగి చేసిన పనిలో సగం అక్కడే అయిపోతుంది. మిగతా సగం ఆశా కార్యకర్తల మీద ఉంది. తీరం పల్లెల్లో చుట్ట తిప్పి కాల్చే ఆవిడ నోరు తెరిచి అంగిలి చూసి, తెల్ల మచ్చ గుర్తుపట్టి పంపడం వాళ్లకు నేర్పగలిగిన పనే. కేంద్ర ఆరోగ్య శాఖ ఏడో సెక్షన్ కింద పరిమితి రాసే రోజున అందులో బీడీ, చుట్ట, విడి ఆకు మూడూ పేరుపేరునా ఉండాలి.